మళ్ళీ సరిచూశాం

"గీతలు వస్తాండాయి సార్, పేర్లు మాత్రం రావడం లేదు," అంది నసీమా.

శశిభూషణ్ హీటరు దగ్గర నుంచి లేచి వచ్చి ఆమె భుజం మీదుగా తెరలోకి చూశాడు. లదాఖ్‌లోని ఆ కొండ మీద జనవరిలో మిట్టమధ్యాహ్నం కూడా నీళ్ళ బాటిలు గడ్డకట్టుకుపోతుంది. పొద్దున కింది లోయలో మంచుచరియ విరిగిపడి ఇంటర్నెట్ కేబులు తెగిందని కబురొచ్చింది. బాగుచేయడానికి ఎనిమిది రోజులు పడుతుందట. టెలిస్కోపు మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. దాని పన్నెండు మీటర్ల పళ్ళెం ధనూరాశి దిక్కున ఉన్న ఒక ధూళిమేఘం వైపు తిరిగి ఉంది. ఆ మేఘం నుంచి వస్తున్న రేడియో తరంగాలు తెర మీద దువ్వెన పళ్ళలా వరసగా నిలబడుతున్నాయి.

ఒక్కో పన్నూ ఒక్కో అణువు పలుకు. మిథనాల్‌వి కొన్ని చోట్లు, అమ్మోనియావి ఇంకొన్ని చోట్లు. ఏ అణువు ఏ చోట పలుకుతుందో భూమ్మీద ప్రయోగశాలల్లో గాజుగొట్టాల్లో వాయువులు నింపి, ఏళ్ళ తరబడి కొలిచి, ఒక పెద్ద పట్టికగా రాసిపెట్టారు. ఆ పట్టిక ఇంటర్నెట్‌లో ఉంటుంది. మామూలు రోజుల్లో టెలిస్కోపు సాఫ్ట్‌వేరు దాన్ని అడిగి ప్రతి గీత నెత్తినా ఒక పేరు పెట్టేస్తుంది. ఇవాళ అడగడానికి దారి లేదు.

"ఎనిమిది రోజులూ చేతులు ముడుచుకుని కూర్చోవాలా?" అన్నాడు శశిభూషణ్.

"యాల సార్? పాత కాపీ ఒకటి ఉండాల."

నసీమాది కడప. ఎనిమిదేళ్ళుగా ఆ టెలిస్కోపు సాఫ్ట్‌వేరు బాగోగులన్నీ చూస్తున్నది ఆమే. ఆ కొండ మీద ఏ వస్తువు ఎక్కడుందో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఇనప బీరువా కింది అర వెతికి, ఉన్ని టోపీలో చుట్టి పెట్టిన ఒక హార్డ్ డిస్క్ తీసింది.

"నా ముందుండే ఆయన దింపి పెట్టుకున్న పట్టిక సార్. తొమ్మిదేండ్ల పైమాటే. మీ సవరిణి రాకముందుది. పర్వాలేదా?"

శశిభూషణ్ నవ్వాడు. "పాతదే అయినా ఏమీ లేకపోవడం కంటే మేలే కదా. పెట్టు."

సవరిణి అతను కనిపెట్టిన ప్రోగ్రాము. అతని పేరు దేశదేశాల్లో వినిపించడానికి కారణం అదే. అంతకుముందు పట్టికలో ఒకసారి ఎక్కిన కొలత తప్పయినా ఒప్పయినా అలాగే పడి ఉండేది. సవరిణి వచ్చాక పట్టిక తనను తానే దిద్దుకోవడం మొదలుపెట్టింది. ప్రపంచంలోని టెలిస్కోపులన్నీ చూసినదాన్ని పట్టికలోని కొలతతో పోల్చి చూసుకుని, పది చోట్ల తేడా కనిపిస్తే కొలతనే ఆకాశానికి తగ్గట్టు కొంచెం జరుపుతుంది. అలా ఎక్కువగా జరపాల్సివచ్చిన కొలతలకు తక్కువ మార్కు వేస్తుంది. ఎ నుంచి డి దాకా మార్కులు. ఏ ప్రయోగశాల కొలతల్ని ఎంత నమ్మవచ్చో చూడగానే తెలిసిపోతుందని అందరూ మెచ్చుకున్నారు.

పాత కాపీ ఎక్కింది. గీతల మీద పేర్లు ఒక్కొక్కటే వాలుతున్నాయి. నసీమా వేళ్ళు కీబోర్డు మీద ఒక్కసారిగా ఆగిపోయాయి.

"సార్, ఎసిటమైడ్ చూడండి."

ఆ మేఘంలో ఎసిటమైడ్ అనే అణువు గీతలు ఎప్పుడూ లావుగా, ఒక పక్కకు ఒరిగి ఉంటాయి. సవరిణి వాటి నడిమధ్యన పేరు పెడుతుంది. అందరికీ అలా చూడటం అలవాటైపోయింది. పాత పట్టిక మాత్రం ఎసిటమైడ్‌ను గీతకు ఎడమ భుజం మీద కూర్చోబెట్టింది. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. కుడి భుజం మిగిలిపోయింది. దానికి పేరు లేదు.

నసీమా ఎసిటమైడ్ వాటాను మొత్తంలోంచి తీసేసి చూసింది. కుడి భుజం సన్నటి, నిటారైన, వేరే గీతగా నిలబడింది. రెండోచోట చూసింది, మూడోచోట చూసింది. నలభై ఒక్క చోట్ల అదే తంతు.

"ఇది వేరే అణువు సార్!" ఆమె కుర్చీలోంచి లేచిపోయింది. "పట్టికలో యాడా లేదు. కొత్తది! పక్కపక్క ఇండ్లలో ఇద్దరుంటే, మనం ఇద్దరినీ ఒకడే అనుకొని నడిమి గోడకు నంబరు కొట్టినాం సార్ ఇన్నాళ్ళూ!"

శశిభూషణ్ తెరకు దగ్గరగా వంగాడు. తెర మీద ఎసిటమైడ్ వరసకు చివర, కొలిచినవారి పేర్లు చిన్న అక్షరాలతో ఉన్నాయి. జి. అప్పలనర్సమ్మ, పి. రమణి. విశాఖపట్నం.

అతను ఆ పేర్లు రెండుసార్లు చదివాడు.

"మరి ఈ కొలతలు బాగానే ఉండాయి కదా సార్. యాల మార్చినారు అప్పుడు?"

"అప్పటి డేటా ఇంత బాగా ఉండేది కాదు నసీమా," అన్నాడు. అంటూనే, ఇది రెండో అబద్ధం అనుకున్నాడు.

*

మొదటి అబద్ధం తొమ్మిదేళ్ళ కిందటిది.

ఆ రోజు వాళ్ళు ఇల్లు మారుతున్నారు. వీధిలో లారీ ఆగి ఉంది. అతని భార్య హైమ వంటగదిలో ఆఖరి గిన్నెలు పాతపేపర్లలో చుడుతోంది. శశిభూషణ్ పుస్తకాల పెట్టె మీద కూర్చుని లాప్‌టాప్ మూసేసే ముందు ఉత్తరాలు చూసుకున్నాడు. విశాఖపట్నం నుంచి ఒకటి వచ్చి ఉంది. మర్యాదగా, పొడుగ్గా ఉంది. అతను పైపైన చదివాడు.

మీ సవరిణి మా ఎసిటమైడ్ గీతల్ని రెండు వందల పన్నెండు చోట్ల పక్కకు జరిపి, డి మార్కు వేసింది. మా కొలతలు తప్పుకావని మా నమ్మకం. ఆ మేఘంలో మా అణువుకు పక్కనే ఇంకోటేదో ఉందని అనుమానం. మా కొలతలు పెట్టి మీ ముడి డేటాను ఒక్కసారి నడిపి చూడగలరా? అరగంట పని. మా విద్యార్థిని సిద్ధాంతగ్రంథం దీని మీదే ఆగి ఉంది.

"సామానంతా ఎక్కించేశారు, ఇక మీరు లేస్తే ఆ పెట్టె కూడా తీసుకుపోతారు," అని హైమ గుమ్మంలోంచి పిలిచింది.

అతను జవాబు కొట్టాడు. "మీ ఉత్తరానికి ధన్యవాదాలు. పాత డేటాతో మళ్ళీ సరిచూశాం. ఫలితంలో మార్పు లేదు." అదే మాటను పట్టికలో మార్పుల చరిత్రలోనూ నమోదు చేశాడు. లేచాడు. కూలీ వచ్చి పెట్టె ఎత్తుకుపోయాడు.

అది అబద్ధమని కూడా అప్పుడతనికి అనిపించలేదు. తీరిగ్గా చూద్దాం, ఎలాగూ అదే వస్తుంది అనుకున్నాడు. గీతలు ఒక పక్కకు ఒరిగి ఉండటం అతను చూడకపోలేదు. చూశాడు. మేఘం కొంచెం కదులుతూ ఉండి ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాడు. ఆ తీరిక తర్వాత రాలేదు. మరుసటి ఏడు, ప్రయోగశాలల్లో వేటిని ఉంచాలి, వేటిని మూసేయాలి అని తేల్చే కమిటీలో అతన్నీ వేశారు. మూసేయాల్సినవాటి జాబితాలో ఏడో పేరు విశాఖపట్నం వాళ్ళది. కారణం అని ఉన్న చోట ఒకే మాట. సవరిణి మార్కు డి. అతను సంతకం పెట్టాడు.

*

కేబులు బాగయ్యే నాటికి శశిభూషణ్ హైదరాబాదు వచ్చేశాడు. కొత్త అణువు సంగతి శాటిలైట్ ఫోను మీద అతని కంటే ముందే అతను పనిచేసే సంస్థకు చేరింది. డైరెక్టరు అతనింటికి మిఠాయి పెట్టె పంపాడు. అణువుకు మీరే పేరు పెట్టాలి, పత్రికల వాళ్ళను పిలుద్దాం అన్నాడు. శశిభూషణ్ సరేనన్నాడు. కాదనడానికి నోరు రాలేదు. దారి కూడా సులువుగానే కనబడుతోంది. మెరుగైన పరికరంతో చూస్తే కొత్త గీత బయటపడిందని రాస్తే చాలు. అడిగేవాళ్ళెవరూ లేరు.

ఆదివారం మధ్యాహ్నం హైమ డైనింగ్ టేబులు మీద పదో తరగతి లెక్కల పేపర్లు దిద్దుకుంటోంది. ఆమె ప్రభుత్వ హైస్కూల్లో టీచరు. అతను ఎదురుగా కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాడు. ఫోను మోగింది. చేతులు తడిగా ఉన్నాయని స్పీకరు నొక్కాడు.

"సార్," అంది నసీమా. ఆమె గొంతులో మునుపటి హుషారు లేదు. "నెట్టు వచ్చినాక పట్టిక చరిత్ర తీసి చూసినా సార్. వాళ్ళు అప్పుడే అడిగినారు. 'మళ్ళీ సరిచూశాం' అని మీ పేరుతో ఉండాది."

బఠాణీ కాయ అతని చేతిలోనే ఉండిపోయింది.

"పాత డేటా మన దగ్గరే ఉండాది కదా సార్. నేను నడిపి చూసినా. ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. అందులో గూడా కనిపిస్తాది సార్, రెండో గీత. స్పష్టంగా." ఆమె కొంచెం ఆగింది. "మీరు చూసినారా సార్ అప్పుడు?"

"నేను మళ్ళీ చేస్తాను," అని ఫోను పెట్టేశాడు.

హైమ ఎర్రపెన్ను మూత పెట్టింది. "ఏమడుగుతోంది ఆ అమ్మాయి?"

మొదట దాటేయబోయాడు. ఆమె చూపు తిప్పలేదు. ముప్పై ఏళ్ళుగా పిల్లల సాకులు విన్న మనిషి ఆమె. అతను చెప్పడం మొదలుపెట్టాడు. ఇల్లు మారిన రోజు, పుస్తకాల పెట్టె, మూడు వాక్యాల జవాబు, కమిటీలో సంతకం.

హైమ పెన్ను బల్ల మీద పెట్టింది.

"ఆ ఉత్తరం రాసినావిడ ఇప్పుడెక్కడున్నారు?"

"తెలీదు."

"ఆ విద్యార్థిని?"

"తెలీదు."

"బతికున్నారా?"

అతను తల వంచుకున్నాడు. ఆ సంగతీ తెలియదు.

హైమ తన ముందున్న పేపర్ల కట్టను పక్కకు జరిపింది. "వీళ్ళలో ఒకడు లెక్క చెయ్యకుండా కింద జవాబు రాసి, 'సరిచూడబడినది' అని గీత గీస్తే ఏం చేస్తానో తెలుసా? వాణ్ణి లేపి బోర్డు దగ్గర నిలబెడతాను. అందరి ముందూ చేయిస్తాను." ఆమె గొంతు పెరగలేదు. "మీరు పత్రికల వాళ్ళ ముందు నిలబడబోతున్నారు. పూలగుత్తి పట్టుకుని."

మిఠాయి పెట్టె ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. దాన్ని ఎవరూ విప్పలేదు.

*

అప్పలనర్సమ్మను వెతకడానికి నాలుగు రోజులు పట్టింది. కాకినాడకు అవతల, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక రొయ్యల ఫ్యాక్టరీలో దొరికింది. వందలమంది ఆడవాళ్ళు నీలం టోపీలు పెట్టుకుని రొయ్యలు ఒలుస్తున్న హాలు దాటించి, గేటు మనిషి శశిభూషణ్‌ను వెనక కోల్డ్ స్టోరేజీ వైపు తీసుకెళ్ళాడు. గోడల నిండా అమ్మోనియా గొట్టాలు. నెరిసిన జడను టోపీలోకి దోపుకున్న ఒక పొట్టి మనిషి గొట్టాల కీలు దగ్గర గ్యాసు కొలిచే చిన్న పెట్టె పట్టుకుని దాని ముల్లు కదలిక చూస్తోంది.

"మేడమ్‌గారూ, మీకోసం ఎవరో వచ్చేరు."

ఆమె వెనక్కి తిరిగింది. శశిభూషణ్ తన పేరు చెప్పాడు. ఆమె మొహంలో ఏ మార్పూ రాలేదు. పెట్టె స్విచ్ ఆపి సంచిలో పెట్టింది.

"బయటికి రండి. ఇక్కడ ఎక్కువసేపుంటే కళ్ళు మండుతాయి."

ఫ్యాక్టరీ వెనక మెట్ల మీద కూర్చున్నారు. డాక్టర్ గొర్లె అప్పలనర్సమ్మకు అరవై దగ్గర పడ్డాయి. చుట్టుపక్కల పద్నాలుగు ఫ్యాక్టరీల్లో గ్యాసు కారుతోందా లేదా అని చూసే పని ఆమెది. ఆ పెట్టె ఆమె సొంతంగా తయారు చేసుకున్నదే.

"ముప్పయ్యేళ్ళు అమ్మోనియాని కొలిచేను," అంది. "ఇప్పుడూ అదే కొలుస్తున్నాను. చెప్పండి, ఏటిలా వచ్చేరు?"

అతను దారి పొడుగునా మాటలు కూడబెట్టుకున్నాడు. ఒక్కటీ పనికిరాలేదు. కొండ మీద నసీమా పట్టుకున్నదని మాత్రం చెప్పి, సంచిలోంచి కాగితం తీసి ఆమె చేతికిచ్చాడు. ఒరిగిన గీత, దాని ఎడమ భుజం మీద ఆమె కొలత, కుడి పక్కన మిగిలిన రెండో గీత. ఆమె కళ్ళజోడు పైకి నెట్టుకుని కాగితాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుంది. పెదవులు కదిలాయి. అంకెలు చదువుకుంటోంది.

"ఇదే," అంది మెల్లగా. "మా గొట్టంలో కూడా నీడలా కనపడేది. మడ్డి అనుకుని మూడుసార్లు కడిగించేను."

"మీరు అడిగిన పరీక్ష నేను అప్పుడు చెయ్యలేదు మేడమ్," అన్నాడు శశిభూషణ్. "చేశానని రాశాను. చెయ్యలేదు."

ఆమె కాగితం దించింది. అతని వైపు చూడలేదు. దూరంగా ఐసు లారీ ఒకటి వెనక్కి వస్తూ కూత పెడుతోంది.

"అరగంటే కదా అడిగేను."

ఆమె కాగితాన్ని మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"ల్యాబు మూసీసినందుకు కాదండీ. రేపోమాపో మూసీసేవారే. అది ఏడు మీటర్ల గొట్టం, దాన్ని ముక్కలు చేసి తోపుడుబండిలో వేసుకుపోతుంటే చూస్తూ నిలబడ్డాను. అది కూడా ఓర్చుకున్నాను. కానీ, బాబూ..." ఆ 'బాబూ' అతనికి చెంపదెబ్బలా తగిలింది. "మీ ఉత్తరం వచ్చినప్పుడు నేను నమ్మేను. అంత పెద్దమనిషి సరిచూశామన్నాడంటే సరిచూసే ఉంటాడు అనుకున్నాను. రమణిని పిలిచి, మనమే ఎక్కడో తప్పు కొలిచుంటామమ్మా అని చెప్పేను. ఆ పిల్ల కాదు మేడమ్, కాదు మేడమ్ అని ఏడిచింది. రెండేళ్ళు రాత్రనక పగలనక కొలిచిన పిల్ల. నేను కసురుకున్నాను. నా కొలత మీద నాకే అనుమానం పెట్టేరు మీరు. ఆ అనుమానంతో నేను ఆ పిల్ల మీద నోరు చేసుకున్నాను."

"ఆమె థీసిస్..."

"తిరక్కొట్టేరు. పట్టికలో డి మార్కున్న కొలతలకి డిగ్రీ ఎలా ఇస్తామన్నారు. పాలకొండ దగ్గర ఏదో గ్రామ సచివాలయంలో చేస్తోందట. నాతో మాట్లాడి ఆరేళ్ళయింది. తప్పు ఆ పిల్లది కాదు."

శశిభూషణ్, కొత్త అణువు వ్యాసంలో మీ పేరు మొదట పెడతాను అన్నాడు. ఆ మాట నోటి నుంచి బయటకు వస్తుండగానే దాని చిన్నతనం అతనికే తెలిసింది.

అప్పలనర్సమ్మ మొదటిసారి అతని కళ్ళలోకి చూసింది. "మా ఇద్దరి పేర్లూ, ఆ కొండ మీద దీన్ని పట్టుకున్న అమ్మాయి పేరూ పెట్టండి. మీది వద్దు."

"అలాగే."

"పట్టికలో మా కొలతలు మళ్ళీ పెట్టండి. పెట్టి, ప్రతి గీత పక్కనా ఎందుకు మారిందో, మార్చింది ఎవరో రాయండి. ఎక్కడో ఒక మూల ప్రకటన వేసీసి చేతులు దులుపుకోవద్దు. పట్టికను దింపుకున్న ప్రతివాడి కాపీలోకీ ఆ మాట పోవాలి. మొత్తం రెండు వందల పన్నెండు."

"ప్రోగ్రాముతో ఒక్క నిమిషంలో..."

"చేత్తో రాయండి," అందామె. "మేం చేత్తోనే కొలిచేం."

లేచింది. సంచి భుజానికి తగిలించుకుంది. రెండు మెట్లెక్కి ఆగింది.

"రమణికి మీరే చెప్పండి. నేను చెప్పను. నేను చెబితే ఆ పిల్ల నన్ను ఓదారుస్తాది. నాకు ఓదార్పు వద్దు."

*

అంతా బయటపెడతానంటే డైరెక్టరు మొదట బతిమాలాడు, తర్వాత కోప్పడ్డాడు. పరువు మీ ఒక్కరిది కాదు, సంస్థది అన్నాడు. ఒక చిన్న సవరణ ప్రకటన వేస్తే గౌరవంగా గడిచిపోతుందన్నాడు. శశిభూషణ్ ప్రయోగశాలల కమిటీకి రాజీనామా రాసిచ్చి తన గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

మొదట నసీమాకు ఫోను చేశాడు. "నువ్వడిగినదానికి జవాబు చెప్పలేదు కదా. నేను చూడలేదమ్మా. నీతో కొండ మీద అన్నది కూడా అబద్ధమే."

"సరే సార్," అంది నసీమా. ఆ రెండు మాటల్లో కోపం ఉందో, జాలి ఉందో అతనికి తెలియలేదు. ఆ తర్వాత ఆమె అతనితో పని మాటలు తప్ప వేరే మాట్లాడలేదు.

పట్టికలో ప్రతి గీతకూ చివర వ్యాఖ్య రాసే గడి ఒకటి ఉంటుంది. సాధారణంగా ఖాళీగానే ఉంటుంది. అతను మొదటి గీత తెరిచాడు. పాత కొలతను దాని చోటులో పెట్టాడు. గడిలో ఇలా రాశాడు: "ఈ కొలత జి. అప్పలనర్సమ్మ, పి. రమణి చేసినది. సరైనది. సవరిణి దీన్ని తప్పుగా మార్చింది. మళ్ళీ సరిచూడమని వారు అడిగారు. సరిచూశానని రాసినవాడు కొప్పరపు శశిభూషణ్. అతను సరిచూడలేదు."

రెండో గీత తెరిచాడు. మళ్ళీ మొదటి అక్షరం నుంచి రాశాడు.

మొదటి పది రాసేటప్పుడు చెవులు వేడెక్కాయి. ముప్పై దాటాక అలవాటవుతుందేమో అనుకున్నాడు. కాలేదు. తన పేరు రాసిన ప్రతిసారీ ఎవరో చూస్తున్నట్టే ఉండేది. నూట నలభై దగ్గర ఒకసారి 'సరిచూడలేదు' బదులు 'సరిచూడలేకపోయాడు' అని రాశాడు. రాసి, ఆ మాట వైపు కాసేపు చూశాడు. చెరిపి మళ్ళీ రాశాడు.

రెండు రోజులు పట్టింది. రెండో రోజు సాయంత్రం హైమ క్యారేజీ తీసుకొచ్చింది. తెర వైపు చూసింది. ఒక గడి చదివింది, దాని కిందిది చదివింది. అన్నం గిన్నె మూత తీసి అతని ముందు పెట్టి, అతను తినేదాకా పక్కనే కూర్చుంది.

దిద్దిన పట్టికను అందరికీ పంపే మీట నొక్కిన మూడు రోజులకే చిలీ నుంచి, జపాను నుంచి, స్పెయిను నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. కొందరు మెచ్చుకున్నారు. అవి చదవడం తిట్లు చదవడం కంటే కష్టంగా ఉంది. కొందరు మాత్రం, మా గీతల్ని కూడా మీ సవరిణి ఇలాగే జరిపింది, వాటినైనా చూశారా అని అడిగారు. సవరిణిని ఆపేయమని రాసిచ్చాడు. ఆపేశారు. కానీ వందలాది టెలిస్కోపులవాళ్ళు, ఇంటర్నెట్ లేని చోట పనికొస్తుందని ఏళ్ళ తరబడి దింపి పెట్టుకున్న కాపీలున్నాయి. తప్పు పట్టికలున్న ఆ డిస్కులు ఏ బీరువాల్లో ఉన్నాయో ఎవరికీ తెలియదు. వాటిని వెనక్కి పిలిపించే మీట ఏదీ లేదు.

ఇక ఒక్క పని మిగిలింది. దాన్ని అతను పదకొండు రోజులు వాయిదా వేశాడు. రమణి నంబరు జేబులోనే ఉంది. పొద్దున చేద్దామనుకుంటే ఆమె పనిలో ఉంటుందేమో అనిపించేది, మధ్యాహ్నం భోజనం చేస్తోందేమో అనిపించేది. పన్నెండో రోజు, ఇవన్నీ ఇల్లు మారిన రోజు చెప్పుకున్న సాకులలాంటివేనని తెలిసి, పదకొండున్నరకు నంబరు నొక్కాడు.

"ఎవరండీ?" వెనక జనం గోల. ఎవరో పింఛను గురించి గట్టిగా అడుగుతున్నారు.

అతను తన పేరు చెప్పాడు.

"ఒక్క నిమిషం మామ్మా, ఆ వేలిముద్ర మళ్ళీ వెయ్యి," అని ఎవరితోనో అంది. ఆ తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు. గోల దూరమైంది. తలుపు మూసుకుంది. "చెప్పండి."

అతను చెప్పాడు. ఈసారి మాటలు వెతుక్కోలేదు. ఉత్తరం వచ్చిన రోజు నుంచి మొదలుపెట్టి, ఏదీ మెత్తబరచకుండా చెప్పాడు. మీ కొలతలు సరైనవి, మొదటి నుంచీ సరైనవే, నేను చూడకుండానే చూశానన్నాను, మీ మేడమ్ నన్ను నమ్మి మిమ్మల్ని అనుమానించారు, ఆమె తప్పేమీ లేదు అన్నాడు. క్షమించమని అడగలేదు. అడిగే హక్కు ఎక్కడా కనబడలేదు.

ఫోను పెట్టేసిందేమో అనుకున్నాడు.

"పట్టికలో పెట్టేరా మళ్ళీ?"

"పెట్టాను. అన్నీ."

"ఏదీ, చదవండి. మొదటిది."

అతను తెర వైపు తిరిగాడు. వరసలో అన్నిటికంటే పైనున్న గీత, దాని కొలత మెగాహెర్ట్జ్‌లలో. "రెండు లక్షల పద్దెనిమిది వేల నాలుగు వందల డెబ్బై మూడు," అని చదివాడు. "పాయింట్..."

"ఆరు సున్నా ఎనిమిది ఒకటి," అంది రమణి.

అతను తెర మీద చూశాడు. ఆరు, సున్నా, ఎనిమిది, ఒకటి.

"అవును," అన్నాడు. "అదేనమ్మా."

"నాకు తెలుసు," అందామె. "కొలిచింది నేనే కదా."

బయట ఎవరో తలుపు తట్టారు. వస్తున్నానని వాళ్ళకు కేకేసి, ఆమె ఫోను పెట్టేసింది.